ఎండిపోయింది, ఎండగట్టారు, ఎండనిచ్చాం

(మా తెలుగు అయ్యవారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం అనగానే పోయినవారి గుణగణాలు చెప్పుకోవడం మన రివాజు. అయ్యవారికి అది గిట్టదు. పదవీ విరమణ సభలో ఎవరో ఆయన్ని పొగడబోతే, "నన్నొదిలిపెట్టి ఏదన్నా ఒక మాట గురించి మాట్లాడండప్పా, పిల్లోళ్లకు పనికొస్తుంది" అన్నారు. ఆయన ఆజ్ఞ శిరసావహించి ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆ మాట 'ఎండు'.

కడప సీమలో పుట్టినవాళ్లకు ఈ మాట పాఠ్యపుస్తకం నేర్పదు. ఆకాశం నేర్పుతుంది, బావి నేర్పుతుంది, పశువుల డొక్కలు నేర్పుతాయి. అయినా ఈ క్రియను నేను మొదటిసారి సరిగ్గా విన్నది తరగతి గదిలోనే. ఆ రోజు జరిగింది చెప్పి విషయంలోకి వస్తాను.

ఆరో తరగతి, ఒంటిపూట బళ్లు. అయ్యవారు పక్కనున్న చిన్నపిల్లల బడి నుంచి ఒక రాతిపలక తెప్పించారు. తడిగుడ్డతో తుడిచి కిటికీలో పెట్టారు. దాని పక్కనే, ఆవరణలోని వేపచెట్టు నుంచి తుంచిన రెమ్మ ఒకటి పెట్టారు. మేం ఒక పద్యం రెండుసార్లు వల్లె వేసేలోగా పలక మీది తడి పోయింది. "ఏమైందిరా పలక?" అన్నారు. "ఆరింది సార్" అన్నాం. రెమ్మను అక్కడే ఉంచారు. నాలుగో రోజు దాన్ని చేతిలోకి తీసుకుంటే ఆకులు గలగలమని రాలాయి. "ఇదేమైంది?" "ఎండింది సార్." "రెండిట్లోనూ పోయింది నీళ్లే కదా, మరి మాటెందుకు మార్చినారు?" ఒక్కరం నోరు మెదపలేదు. అప్పుడాయన అన్నారు: "పలక మీది తడి పలకది కాదు. మనం పూసింది. అది పోతే పలక మళ్లీ పలకైంది. ఆకులోని తడి ఆకుదే. అది పోయినాక ఆకు ఆకుగా ఉండదు."

యాభై ఏళ్లయింది. ఆ మాటలకు మించిన నిర్వచనం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

ఆరడం, ఎండడం

'ఆరు' అనే క్రియను తిరగేసి చూడండి. బట్ట ఆరుతుంది, పుండు ఆరుతుంది, దీపం ఆరుతుంది, పొయ్యి ఆరుతుంది. కాగిన పాలు చల్లారతాయి. ఏడ్చేవాణ్ణి ఓదారుస్తాం. వీటన్నిటిలో ఉన్నది ఒకటే: పైనుంచి వచ్చిన ఒక అలజడి అణిగింది, వస్తువు తన స్థిమితానికి వచ్చింది. ఆ అలజడి తడి కావచ్చు, వేడి కావచ్చు, మంట కావచ్చు, నొప్పి కావచ్చు. అందుకే ఆరడంలో ఎక్కువసార్లు ఉపశమనం ఉంటుంది.

ఎండడంలో అది లేదు. చెట్టు ఎండుతుంది, చేను ఎండుతుంది, గొంతు ఎండుతుంది, తల్లి రొమ్ములో పాలు ఎండుతాయి. వస్తువు లోపలిది, దాని ప్రాణానికి ఆధారమైనది, దాన్ని వదిలి వెళ్లిపోతుంది.

బట్టలు ఎండేశాం అని కూడా మన ఇళ్లల్లో అంటారు కదా అని మీరు అడగవచ్చు. అంటారు. ఆ మాటలో చూపు ఎండ మీద ఉంటుంది: తెచ్చి ఎండలో వేశాం అని. ఇక వడ్ల సంగతి చూడండి. వడ్లను ఆరబోస్తారు. గింజలోని తేమ గింజదే, పలక లెక్కన చూస్తే 'ఎండబోస్తారు' అనాలి. రైతు అలా అనడు. ఎందుకంటే ఆయనకు గింజ ఎండిపోవడం వద్దు, ఒక హద్దు దాకా తేమ తగ్గితే చాలు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదంటారు. అంతకు మించితే తీసుకోరు. అలాగని మండుటెండలో పలచగా పరిచి వదిలేస్తే గింజలో చీలికలు వచ్చి మిల్లులో నూకవుతుంది. అందుకే కల్లంలో కాలితో తిరగేస్తూ, గింజను పంట కింద కొరికి చూస్తూ, చాలు అనుకున్నప్పుడు కుప్ప చేస్తారు. ఆ జాగ్రత్తంతా 'ఆరబోయు' అన్న మాటలో ఉంది. మిరపకాయకు వచ్చేసరికి మాట మారుతుంది. మిర్చిని ఎండబెడతారు. పండుమిర్చిలో ఎక్కువ పాలు నీరే. అది పోయి పది శాతం చుట్టుపక్కలకు రావాలి, ఊపితే లోపల గింజ గలగలలాడాలి. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీ బస్తా చేరేసరికి అది మరో వస్తువైపోయింది. దాని పేరు కూడా మారింది: ఎండుమిర్చి.

ఆరుతడి పంటలు అన్న మాటను కూడా ఈ లెక్కలోనే చూడాలి. వేరుశెనగకో జొన్నకో నీరు నిలగట్టరు. ఒక తడి ఇస్తారు, నేల ఆరనిస్తారు, మళ్లీ తడి ఇస్తారు. వరికి కూడా నీళ్లు నిలగట్టి ఉంచనక్కర్లేదని, ఆరబెట్టి తడిపితే నీరు ఆదా అవుతుందని ఇప్పుడు వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ పద్ధతిలో రైతుకున్న నేర్పంతా నేలను ఆరనివ్వడంలోనూ, పైరును ఎండనివ్వకపోవడంలోనూ ఉంది. రెండు క్రియల మధ్య ఉన్న ఆ సన్నటి గీత మీదే మెట్టరైతు బతుకు నడుస్తుంది.

ఎండలో పుట్టిన మాట

ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎండ, ఎండు ఒకే కుదురు. ప్రాచీన తమిళ సంగం సాహిత్యంలో 'ఎన్ఱూళ్' అని ఒక మాట ఉంది. ఎండ, వేసవి అని దానికి అర్థం. తమిళంలో 'న్ఱ' ఉన్నచోట తెలుగులో 'ండ' రావడం భాషాశాస్త్రం చదివినవాళ్లకు తెలిసిన సంగతే. తమిళుల 'మూన్ఱు' మన పాత శాసనాల్లో 'మూణ్డు', ఇప్పుడు 'మూడు'. ఇలాంటి చుట్టరికాలను వెలికి తీసినవారు బరో, ఎమెనోలు. వాళ్ల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది. అదే ఏడు మన భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథం వచ్చింది. క్రియాధాతువులకు మన భాషలో ఎంత చరిత్ర ఉందో ఆ పుస్తకం చూపించింది.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. తమిళంలో ఎండను వెయిల్ అంటారు. ఎండడాన్ని కాయ్, ఉణంగు అంటారు. కన్నడంలో ఎండ బిసిలు, ఎండడం ఒణగు. ఆ భాషల్లో ఈ రెంటికీ వేరు వేరు మాటలు. తెలుగులో మాత్రం ఎండ, ఎండు తల్లీబిడ్డల్లా ఒకే గడపలో ఉన్నాయి. ఏదైనా ఎండింది అన్నామంటే కారణం కూడా అందులోనే చెప్పేశాం. ఎండ వల్ల ఎండింది. ఆ మాటకు ఇదొక అందం. నా దృష్టిలో ఒక ప్రమాదం కూడా. ఎందుకు ప్రమాదమో కాసేపట్లో చెబుతాను.

వ్యాకరణంలోనూ దీనికొక విశేషం ఉంది. కాలు, కాల్చు, మాడు, మాడ్చు, కూలు, కూల్చు, ఆరు, ఆర్చు. తనంతట జరిగేదానికి ఒక రూపం, ఒకరు చేసేదానికి ఇంకో రూపం. ఎండుకు ఇలాంటి పొట్టి జంట లేదు. 'ఎండ్చు' అని ఎవరూ అనరు. 'ఎండించు' ఉంది గానీ జనం నోట తక్కువ. ఎండడానికి ఒక కర్త ఉన్నాడని చెప్పాలంటే పక్కన మరో క్రియను సాయం తెచ్చుకోవాలి. ఎండ-బెట్టు, ఎండ-వేయు, ఎండ-గట్టు, ఎండ-నిచ్చు. వట్టి 'ఎండు'లో మనిషి లేడు. ఆ సాయం తెచ్చుకుంటేనే మనిషి కనబడతాడు.

ఎండు, ఎండిన

మనిషి పూనుకుని చేసే ఎండడం ఎంత గొప్పదో మా అవ్వను చూసి నేర్చుకున్నాను. తోటలో వంకాయలు ఒక్కసారి విరగకాసినప్పుడు అవ్వ వాటిని నిలువునా కోసి, ఉప్పునీళ్లలో ముంచి, మిద్దె మీద పాతచీర పరిచి ఆరబెట్టేది. మొదటి రోజు "ఆరినాయా చూడు" అనేది. మూడో రోజు "ఎండినాయా చూడు" అనేది. చేత్తో విరిస్తే టక్కున విరగాలి. అప్పుడవి వరుగులు. గోరుచిక్కుడు, కాకర, మామిడి, అన్నీ అలాగే. తెలంగాణలో వీటినే ఒరుగులంటారు. వానల్లో కూర దొరకనప్పుడు ఆ వరుగులే నీళ్లలో నానేసి పులుసు పెట్టేది. కోస్తాలో ఇదే పని చేపలకూ రొయ్యలకూ చేశారు. ఎండుచేప తిని పెరిగిన ఊళ్లెన్నో తీరం పొడవునా ఉన్నాయి. నీటిని తీసేసి ఆహారాన్ని నిలబెట్టడం మనవాళ్లు నేర్చుకున్న విద్య. కరువును ముందే ఊహించి చేసుకున్న ఏర్పాటు అది.

ఇక్కడ భాష చేసిన ఒక ఏర్పాటు గమనించండి. ఎండుమిర్చి, ఎండుచేప, ఎండుకొబ్బరి, ఎండుద్రాక్ష, ఎండుగడ్డి, ఎండుకట్టె, ఎండుటాకు. 'ఎండు' అన్న విశేషణం ఒక రకాన్ని చెబుతుంది. ఆ వస్తువుకు అది తగిన స్థితి. గడ్డి ఎండాలి, కట్టె ఎండాలి, ఆకు చివరికి ఎండుటాకు కావడం ప్రకృతి. మరి చెరువు సంగతో? ఎండిన చెరువు అంటాం, ఎండిపోయిన చెరువు అంటాం. 'ఎండు చెరువు' అని ఏ ఊళ్లోనూ అనరు. 'ఎండు బావి' అనరు, 'ఎండు తల్లి' అనరు. ఎండడం చెరువుకు ఒక రకం అని మన భాష ఇప్పటిదాకా ఒప్పుకోలేదు. అది జరగకూడనిది జరిగిన సంఘటన అనే అంటోంది. తెలుగు మాట్లాడే జనం తరతరాలుగా నిలబెట్టుకున్న ఈ పట్టుదలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

అంచెలంచెల మాటలు

ఎండడం ఒక్కసారిగా రాదు. దాని అడుగుల చప్పుడు మన పల్లెలకు తెలుసు, అడుగడుగుకూ ఒక పేరు పెట్టాయి. పైరు ముందు వాడుతుంది. సాయంత్రం చల్లబడితే మళ్లీ లేస్తుంది, కాబట్టి భయం లేదు. తర్వాత వడలుతుంది. తర్వాత బెట్టకొస్తుంది. బెట్ట అన్నది మెట్టరైతు గుండెల్లో ఉన్న మాట. ఊడలు దిగే వేళ వేరుశెనగకు బెట్ట తగిలితే కాయ పట్టదు. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల లెక్క. అందులోనూ రెండు వానల మధ్య వచ్చే ఎడం ఎంత అన్నదే పంట రాతను రాస్తుంది. బెట్ట దాటితే ఎండుతుంది. ఎండినా ఇంకా ఎండ కాస్తుంటే మాడుతుంది.

నీటికి వేరే మెట్లున్నాయి. చెరువులో నీరు ఇంకుతుంది, అడుగంటుతుంది, ఎండుతుంది. ఆపైన నేల బీటలు వారుతుంది, నెర్రెలిస్తుంది. నెర్రెలు నల్లరేగడి మాట. ఆ మన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చేయి దూరేంత పగుళ్లిస్తుంది. ఎర్రనేలకు ఆ మాట అంతగా వాడరు, అది పైన పెచ్చు కట్టి గట్టిపడుతుంది. పాలివ్వడం మానిన ఆవు ఎండిందని అనరు, వట్టిపోయింది అంటారు. వట్టి అంటే ఖాళీ. మళ్లీ చూలు కట్టి ఈనితే నిండుతుందన్న ఆశ ఆ మాటలో ఉంది. బోరు విషయంలో కూడా మొదట వట్టిపోయింది అనే అంటారు. పక్కన ఇంకో బోరు వేసి అదీ పడకపోయాక ఎండిపోయింది అంటారు. ఆ రెండు మాటల మధ్య ఒక కుటుంబం అప్పు ఎంత పెరిగిందో లెక్క రాయవచ్చు.

మనిషి దగ్గరికి వస్తే, భయానికి గొంతు తడారుతుంది, దాహానికి ఎండుతుంది. అదీ దాటితే నాలుక పిడచగట్టుకుపోతుంది. నోట్లో ఊట లేక నాలుక మన్ను పిడచలా అంగిలికి అంటుకోవడం అది. అనుభవించినవాళ్లే ఆ మాట పుట్టించి ఉంటారు. ఇక కన్నీళ్లకు మనవాళ్లు 'ఎండు' అంతగా వాడరు. కన్నీళ్లు ఇంకిపోయాయి అంటారు. ఇంకిన నీరు నేలలోనే ఉంటుంది. దుఃఖం మనిషిని వదిలి పోలేదు, లోపలికి దిగింది అని చెప్పడానికి ఇంతకన్నా మంచి క్రియ ఉందా?

నీరు ఉన్నా ఎండే సందర్భం కూడా ఒకటుంది. దాన్ని ఎండు తెగులు అంటారు. కందిచేనులో ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వేరు గుండా చొరబడి, నీటిని పైకి తీసుకుపోయే నాళాలను మూసేస్తుంది. వేరు దగ్గర తడి ఉన్నా చెట్టు నిలువునా ఎండుతుంది. కాండాన్ని చీల్చి చూస్తే లోపల నల్లటి చారలు కనబడతాయి. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్‌లో శాస్త్రవేత్తలు ఈ తెగులును తట్టుకునే కంది రకాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఈ తెగులును మనసులో ఉంచుకోండి. నీరు లేక ఎండడం వేరు, నీరు వచ్చే దారి మూసుకుపోయి ఎండడం వేరు. నా ఉపన్యాసం అసలు విషయం అక్కడే ఉంది.

కరువు అని రాసిన కలం

మాటను మార్చి నిజాన్ని తగ్గించడం ఈనాటిది కాదు. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని పెద్ద కరువు ముంచెత్తింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి దాన్ని నందన కరువు అన్నారు. అప్పట్లో మన తీర జిల్లాల్లో కంపెనీ ఉద్యోగంలో ఉన్న చార్లెస్ ఫిలిప్ బ్రౌను తన రాతల్లో కొరత అనకుండా కరువు అన్నాడనీ, పైవాళ్లకు ఆ మాట రుచించలేదనీ ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఇరవై ఏళ్లకు, 1852లో, తెలుగు జనం నోటి మాటలను నింపి నిఘంటువు అచ్చువేయించింది కూడా ఆయనే. నాకు ఈ రెండూ ఒకే పనిగా కనబడతాయి. జరిగినదానికి దాని పేరే పెట్టాలన్న పట్టుదల.

ఆ కరువులో కూడా కృష్ణలో నీళ్లున్నాయి. అవి సముద్రంలోకి పోయాయి. గోదావరి మీద 1852కూ, కృష్ణ మీద 1855కూ ఆనకట్టలు పూర్తయ్యాయి. ఆకాశం మారలేదు, ఎండ తగ్గలేదు. నీరు వచ్చే దారి మాత్రం మారింది. అంతే, డెల్టా కథ మారింది. మా సీమకు అలాంటి అదృష్టం పట్టలేదు. 1876–78లో ధాత కరువు వచ్చింది. మా పెద్దవాళ్లు ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాళ్లు.

అయితే సీమకు నీటి తెలివి లేదనుకోవడం తప్పు. మా కడప జిల్లాలోనే పోరుమామిళ్లలో ఒక చెరువుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. అక్కడి 1369 నాటి శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు చెక్కించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బళ్లు, రెండేళ్ల పని అని కూడా రాయించాడు. కట్ట కారడం ఒక దోషం. వచ్చే నీరు తక్కువై చెరువు విస్తీర్ణం ఎక్కువ కావడం ఇంకో దోషం. ఆ శాసనంలో ఎండను ఎవరూ నిందించలేదు. చెరువు బాగోగులు కట్టేవాడి చేతిలో ఉన్నాయని అది రాతి మీద చెబుతోంది. అలాంటి చెరువులను చూసుకోవడానికే సీమలో దశబంధం ఇనాములు ఇచ్చారు, నీళ్లు పంచే నీరుగంటికి పంటలో మేర కొలిచారు.

అర్జీలో కొట్టేసిన మాట

ఇప్పుడు మా ఊరికి వస్తాను. ఒక ఏడు మంచి వానలు పడ్డాయి. పైఊరి చెరువు నిండి మరవ పారింది. మా చెరువులో మాత్రం మోకాటి లోతు నీళ్లు చేరి, దసరా నాటికి అడుగంటాయి. ఊరంతా రచ్చబండ దగ్గర చేరి అధికారులకు అర్జీ పెట్టాలనుకున్నారు. అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. అర్జీ రాసే పని నాకు అప్పజెప్పారు. "అయ్యా, మా ఊరి చెరువు ఎండిపోయింది" అని మొదలుపెట్టి, నాలుగు పేరాలు రాసి అయ్యవారికి చూపించాను. ఆయన ఎర్రసిరా పెన్ను తీసి 'ఎండిపోయింది' అన్న మాటను అడ్డంగా కొట్టేశారు. పైన 'ఎండనిచ్చాము' అని రాశారు.

నాకు అర్థం కాలేదు. పెద్దమనుషులకు అర్థమై, కోపం వచ్చింది. చెరువుకు నీళ్లు తెచ్చే వంక నోరు ఇసుకతో పూడిపోయిందనీ, కంపచెట్లు అల్లుకున్నాయనీ, ఇరుపక్కల చేలవాళ్లు వంకలోకి సాళ్లు జరుపుకొంటూ వచ్చారనీ ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. పూర్వం ఏటా వేసవిలో ఇంటికొక మనిషి పారతో వంక తవ్వడానికి వెళ్లేవాడు. బోర్లు వచ్చాక, బోరున్నవాళ్లు ముందు మానేశారు. వాళ్లను చూసి మిగతావాళ్లు మానేశారు. నీరుగంటికి మేర కొలవడం ఆగిపోయి, అతను పట్నంలో కూలికి పోయాడు.

"మన తప్పని మనమే రాసుకుంటే డబ్బులెవరిస్తారు అయ్యవారూ?" అన్నాడు ఒక పెద్దాయన. అయ్యవారు నెమ్మదిగా చెప్పారు: "ఎండిపోయింది అని రాస్తే అది ఆకాశం మీదికి పోతుంది. ఆకాశాన్ని ఏ ఆఫీసరొచ్చి బాగుచేస్తాడప్పా? ఎండనిచ్చినామని రాస్తే, ఎక్కడ ఎండనిచ్చినామో చూపించొచ్చు. చూపించినచోట తవ్వొచ్చు."

ఊరు ఆయన మాట వినలేదు. నా వాక్యమే అర్జీలో వెళ్లింది. జవాబు రాలేదు. మరుసటి వేసవిలో ఆయనే ప్రతి ఆదివారం పార భుజాన వేసుకుని వంక దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. మొదటి వారం వెంట వెళ్లింది నలుగురం. కంప కొట్టడంలో చేతులు గీసుకుపోయి రక్తాలు కారాయి. వేసవి చివరికి ముప్పై మంది దాకా అయ్యాం. ఆ ఏడు చెరువు నిండలేదు. కానీ నీళ్లు తూము దాకా వచ్చాయి, ఆయకట్టులో పై మళ్లు తడిశాయి. తూము దాకా వచ్చిన ఆ నీటికి నా లెక్కలో ఏ పురస్కారమూ సాటిరాదు.

మూడు వాక్యాలు

అందుకే నేను ముందు అన్నాను, ఎండ, ఎండు ఒకే కుదురు కావడంలో ప్రమాదం ఉందని. ఎండిపోయింది అనగానే మన చూపు తలెత్తి సూర్యుడి వైపు పోతుంది. కర్త లేని వాక్యం మనకు ఊరటనిస్తుంది. పత్రికల్లో, ప్రకటనల్లో వర్షాభావం, నీటి ఎద్దడి అన్న మాటలు చదివినప్పుడు కూడా అదే ఊరట. నిజంగా వాన పడని ఏళ్లుంటాయి. అప్పుడు 'ఎండిపోయింది' సత్యమే. ఆ వాక్యాన్ని ఆ ఏళ్లకు దాచి ఉంచుదాం.

రెండో వాక్యం 'ఎండగట్టారు'. ఇప్పుడు పత్రికల్లో ఈ మాటను వైఫల్యాలను బయటపెట్టడం అన్న అర్థంలో రోజూ వాడుతున్నారు. దాని మొదటి అర్థం ఇంకా గట్టిది: అందాల్సిన నీటినీ తిండినీ అందకుండా చేసి ఎండిపోయేలా చేయడం. పైవాడు తూము మూస్తే కింది పొలాన్ని ఎండగట్టినట్టు. నాలాను కప్పి ఇళ్లు కట్టుకుంటే పట్నం చెరువును ఎండగట్టినట్టు. అలా చేసినవాడు ఉన్నచోట ఈ మాట వాడడానికి మనం జంకకూడదు.

మూడోది 'ఎండనిచ్చాం'. ఇది అన్నిటికన్నా కష్టమైన వాక్యం. ఇందులో కర్త మనమే. మనం చేసిన పాపమేమీ కనబడదు, మనం చేయని పని మాత్రం ఉంటుంది. తవ్వని వంక, తీయని పూడిక, అడగని ప్రశ్న. చూస్తూ ఊరుకోవడం కూడా ఒక క్రియే అని తెలుగు వ్యాకరణం 'ఇచ్చు' అన్న చిన్నమాటతో చెబుతోంది. మన చెరువుల్లో ఎక్కువ వాటికి చెల్లేది ఈ మూడో వాక్యమే అని నా నమ్మకం. ఈ వాక్యంలోనే ఆశ కూడా ఉంది. ఎండనిచ్చినవాడే ఎండనివ్వకుండా ఉండగలడు. 'ఎండిపోయింది'కి అలాంటి మరో వైపు లేదు.

ఇదే వాక్యం భాషకూ చెల్లుతుంది. బెట్ట, మరవ, నీరుగంటి, మేర, నెర్రె, ఇలాంటి మాటలు మన పిల్లల నోళ్లలో అడుగంటుతున్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి ఏరి తెచ్చిన మాటలవి. ఆ పని చేయడానికి పెద్ద సంస్థ కావాల్సిన పనిలేదు. ఒక నోటు పుస్తకం, ఒక అవ్వ, ఒక సాయంత్రం ఉంటే మొదలవుతుంది.

అందుకే ఈ సభ నుంచి రెండు విన్నపాలు. ఇక్కడున్న ఉపాధ్యాయులు ఈ వేసవి సెలవుల్లో ప్రతి పిల్లవాడి చేత తన ఊరి నీటిమాటలు పాతికైనా రాయించండి. ఏ మాట ఎవరి నోటి నుంచి విన్నాడో కూడా రాయించండి. రెండోది, మీ ఊరి చెరువు ఎక్కడ ఎండుతోందో ఒకసారి వంక వెంట నడిచి చూసి రండి. వచ్చాక దాని గురించి ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యంలో కర్తను వదలకండి.

అయ్యవారు ఎర్రసిరాతో దిద్దిన ఆ అర్జీ చిత్తుకాగితం నా దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. కాగితం పండిపోయింది. ఆయన దిద్దిన మాట మాత్రం చదవడానికి వస్తోంది.